టస్కోలా కౌంటీలో నేను కనిపెట్టిన నది

బాగా చదువుకున్నవాళ్లు దేశాలు కనిపెట్టారు, ఖండాలు కనిపెట్టారు. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. మూడోసారి తప్పుదామని వెళ్తే హెడ్మాస్టరుగారే చేతులు జోడించి, వేరే పని చూసుకోమన్నారు. అంచేత నా తాహతుకి తగ్గట్టు ఒక్క నదితో సరిపెట్టుకున్నాను. అది మిషిగన్ రాష్ట్రం, టస్కోలా కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఉందని చెప్పింది నేనొక్కణ్ణే అనుకోండి. కౌంటీ వాళ్ల లెక్కలో అది చక్కెర తీసే బీట్‌రూట్ పొలాల్లో నిలిచిన నీరు పోవడానికి తవ్విన మురుగు కాలవ. ఇందులో ఇంకా సిగ్గుచేటైన సంగతి, నేను పుట్టింది గోదావరి జిల్లాలో. మా వైపు నడక నేర్చిన పిల్లకి కూడా పంట కాలవ ఏదో మురుగు కాలవ ఏదో తెలుసు. ఆ మాత్రం తెలియకుండా పాతికేళ్లు పెరిగి, విమానం ఎక్కి, ఇంత దూరం వచ్చి ఆ తప్పు చేసినవాణ్ణి మా తాలూకా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ముప్పై ఏళ్లు ఆ సంగతి కడుపులో పెట్టుకుని హాయిగానే తిరిగాను. మొన్న ఏప్రిల్లో అనసూయమ్మగారు ఫోన్ చేశారు. ఆవిడ డాక్టర్ వీరభద్రంగారి భార్య. డాక్టరుగారు ఆ కౌంటీలో చిన్న ఆస్పత్రిలో పనిచేసి, అక్కడే రిటైరయి, ఈ జనవరిలో పోయారు.

"సత్యం, మంచు కరిగిందయ్యా. మన నది నిండుగా పారుతోంది. శనివారం పొద్దున్న రాగలవా?" అన్నారావిడ.

"తప్పకుండానండి అమ్మగారూ. ఏం పనండి?"

"మీ డాక్టరుగారు తన అస్థికలు మన నదిలోనే కలపమన్నారు. గోదావరి దాకా మోసుకెళ్లొద్దని మరీ మరీ చెప్పారు. సోమయాజులుగారు రాసిచ్చిన సంకల్పం అట్ట ఉందిగా, అది నువ్వొచ్చి చదవాలి. నాకు అక్షరాలు ఆనడం లేదు. మా కిరణ్‌కి తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదు."

"మన నది" అని ఆవిడ రెండుసార్లు అన్నారు. రెండుసార్లూ నా చెవి కాలింది. సరేనండీ అని ఫోన్ పెట్టేసి, బేస్‌మెంట్‌లోకి దిగి, పాత పెట్టెలన్నీ తిరగేసి నా రూళ్ల పుస్తకం తీశాను. తెరిస్తే ఇప్పటికీ కర్పూరం వాసనే. అట్ట మీద నా చేతిరాతలో "కౌంటీలు, నదులు" అని ఉంది. అది చూసి నన్ను భూగోళశాస్త్రం పంతులనుకునేరు. కాదు, నేను పురోహితుడిగారి వ్యాన్ డ్రైవర్ని.

మా అక్క వీసాకి పిటిషన్ వేస్తే అమెరికా వచ్చాను నేను. బావగారు డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఇంజినీరు. ఆయన సాటి ఇంజినీర్లకి నన్ను "మా బావమరిది, ట్రాన్స్‌పోర్ట్ ఫీల్డ్‌లో ఉంటాడు" అని పరిచయం చేసేవాడు. తణుకులో నేను తోలిన అద్దె అంబాసిడర్ ఆయన నోట్లో పడి ఫీల్డయి కూర్చుంది. అప్పట్లో మిషిగన్‌లో తెలుగువాళ్లందరికీ కలిపి ఒకే ఒక్క పెద్దాయన ఉండేవారు వ్రతాలు చేయించడానికి, సోమయాజులుగారని. ఆయనకి వేదం వచ్చు, తర్కం వచ్చు, డ్రైవింగ్ రాదు. నాకు డ్రైవింగ్ తప్ప ఇంకేదీ రాదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో ఒక మంచం వేసి నన్ను పెట్టుకున్నారు. జనవరి చలిలో కూడా తెల్లారకుండానే చన్నీళ్ల స్నానం చేసేవారు. తడిపంచె తెచ్చి నా మంచం పక్కన వేడిగాలి వచ్చే జాలీ మీద ఆరేసేవారు. ఆ తడిబట్ట వాసన, పైనుంచి ఆయన భార్య పిన్నిగారు వేసే పులిహోర తాలింపు వాసన, ఆయన పీల్చే పొడుం ఘాటు, ఈ మూడూ కలిసి నన్ను లేపేవి. నాకు అలారం కొనాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆయన బయల్దేరే వాలకం చూసి తీరాలి. కింద మంచు బూట్లు, పైన పట్టుపంచె, దాని మీద కోటు, నెత్తిన మంకీ క్యాపు, ఒళ్లో కొబ్బరికాయలు. కాయలు ఒళ్లో ఎందుకంటే, ఒకసారి వెనకసీట్లో పెడితే లోపలి నీళ్లు గడ్డకట్టి, వ్రతంలో కాయ కొట్టేసరికి ఐసుముక్క జారిపడింది. ఆ ఇంటాయన అది మహిమ అనుకుని కళ్లకద్దుకున్నాడు. గురువుగారు మాత్రం ఆ రోజు నుంచి కాయల్ని పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకునే తిరిగారు.

పూజకి ముందు సంకల్పం చెప్పాలి కదా. ఎవరు, ఏ రోజు, ఏ చోట, ఏ నదుల నడుమ కూర్చుని చేస్తున్నారో దేవుడికి విన్నవించుకోవడం. వేరే రాష్ట్రాల పంతుళ్లు "ఉత్తర అమెరికా" అనేసి చేతులు దులుపుకునేవారట. మా గురువుగారికి అది ససేమిరా నచ్చేది కాదు. "ఒరేయ్ సత్యం, ఉత్తర అమెరికా అని రాస్తే ఉత్తరమైనా చేరుతుందట్రా? మన వ్రతం ఫలం ఏ కెనడా వాడికో పోతుంది. కౌంటీ పేరు కావాలి. నది పేరు కావాలి. అది ఇంటికి ఏ దిక్కున ఉందో కావాలి" అనేవారు. ఆ మూడూ కనుక్కురావడం నా డ్యూటీ. ఊళ్లోకి రాగానే కోర్టు భవనం దగ్గర వ్యాన్ ఆపేవాణ్ణి. ఆయన లోపల జపం చేసుకుంటుంటే నేను దిగి కనపడినవాణ్ణల్లా "మీ నది ఏది సార్?" అని అడిగేవాణ్ణి. కొందరు నన్ను సర్వేకొచ్చిన ఉద్యోగి అనుకున్నారు. ఒకాయన, పాపం, చేపల కోసం వచ్చాననుకుని పక్క ఊరి దాకా తన ట్రక్కులో తీసుకెళ్లి చూపించాడు.

కొన్నాళ్లకి కిటుకు పట్టుబడింది. ప్రతి కౌంటీలోనూ పాత బడో, పాత చర్చో మ్యూజియం చేసి పెడతారు. అందులో ఒక ముసలావిడ కూర్చుని, ఎవరైనా రాకపోతారా అని తలుపు వంక చూస్తుంటుంది. ఎవరూ రారు. నేను వెళ్లేవాణ్ణి. ఒక్క నది పేరు అడిగిన పాపానికి, చెట్లు నరికిన రంపాలు, వెన్న చిలికిన పీపాలు, ఎవరిదో పెళ్లినాటి గౌను, తగలబడిపోయిన అడవుల ఫొటోలు, అన్నీ చూపిస్తేగాని వదిలేది కాదు. చివర్న కుక్కీలు. ఆ కుక్కీల కోసం నేను ఈ రాష్ట్ర చరిత్ర చాలావరకు నేర్చుకున్నాను. నా పుస్తకంలో అంతా ఉంది చూడండి: "లపీర్ కౌంటీ. ఫ్లింట్ నది ఇక్కడ పుట్టును. ఫ్లింట్ ఊరు మాత్రం పక్క కౌంటీలో. కుక్కీలు గట్టి." "హ్యూరాన్ కౌంటీ. హ్యూరాన్ నది ఇందులో లేదు. ఎందుకు లేదని అడిగితే నవ్వుతున్నారు. మూడు పక్కలా సరస్సు. కుక్కీలలో దాల్చినచెక్క." అప్పటికి ఇక్కడి ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం. అర్థమైనంత రాసుకుని, మిగతాది నేనే పూరించుకునేవాణ్ణి. ఆ పూరించే అలవాటే నా కొంప ముంచింది.

టస్కోలా మ్యూజియంలో ఉండే ఆవిడ పేరు డోరతీ. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ తన అరచెయ్యి నా ముందు చాపి, బొటనవేలి మొదట్లో వేలు పెట్టి నొక్కి చూపించింది. మా జాతివాళ్లకి జ్యోతిషం వచ్చని ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఆవిణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఆ చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి, "లాంగ్ లైఫ్, మేడమ్. టూ హస్బెండ్స్" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "మూడోవాణ్ణి లెక్కలో వదిలేశావు" అంది. తర్వాత చెప్పింది, మిషిగన్ మ్యాపు అరచెయ్యిలా ఉంటుందట, ఇక్కడివాళ్లు తమ ఊరు ఎక్కడో అరచేతి మీదే చూపిస్తారట, టస్కోలా బొటనవేలి మొదట్లో ఉందట. నా అంతవాణ్ణి నేనే. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది. ఈ "టస్కోలా" అనేది ఏ భాషలోనూ ఉన్న మాట కాదట. పూర్వం కౌంటీలకి పేర్లు పెట్టమంటే ఒక పెద్దమనిషి ఇక్కడి ఆదివాసుల మాటల్లోంచి ముక్కలు తీసి, అతికించి, అచ్చం పాతపేరులా వినిపించేట్టు కట్టాడట. "మరి ఎవరూ అడగలేదా?" అంటే, "అడిగేసరికి అందరూ అలవాటు పడిపోయారు" అంది. అది కూడా రాసుకున్నాను. అది నా గురించే చెప్పిందని అప్పుడు తట్టలేదు.

వీరభద్రంగారి గృహప్రవేశం ఏప్రిల్లోనే పడింది. పొద్దున్నే ముహూర్తం. డోరతీ మ్యూజియం తెరిచే వేళ కాదు. పైగా దారిలో బురదలో దిగబడి ఆలస్యంగా చేరాం. కొత్త ఇల్లు ఊరి చివర, పొలాల మధ్య ఉంది. నల్లరేగడి. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే అచ్చం మా ఊరి బెల్లం వంట వాసన, కాస్త మాడింది. లోపల గురువుగారు పీటల మీద ఇద్దర్నీ కూర్చోబెట్టి, గుమ్మంలోకి తల పెట్టి కేకేశారు: "ఒరేయ్, నదేదిరా? మూడు నిమిషాలుంది!" వెనక్కి పరిగెత్తాను. ఇంటి వెనకాలే నిండా నీళ్లు, ఒడ్డు ఒరుసుకుంటూ, మంచుముక్కలు తేలుతూ, తెగ జోరుగా పోతున్నాయి. అవతల గట్టు మీద ట్రాక్టర్ ఆపుకుని ఒక రైతు కాఫీ తాగుతున్నాడు. "దీని పేరేంటి సార్?" అని అరిచాను. "హాకిన్స్!" అని అరిచాడు. అంతే, వెనక్కి ఒకటే పరుగు.

"హాకిన్స్ నది గురువుగారూ."

"ఎప్పుడూ వినలేదే. ఎక్కడ పుట్టిందిరా?"

తెలియదంటే నా పరువేం కాను? "ఉత్తరాన కొండల్లోనండి" అన్నాను. ఆ కౌంటీలో కొండ కాదు కదా, కాస్త ఎత్తయిన దిబ్బ చూపించినవాడికి నా వ్యాన్ రాసిస్తాను.

"ఎందులో కలుస్తుంది?"

"సముద్రంలోనండి."

"శ్రేష్ఠం!" అన్నారాయన. ఆయన కంచుగొంతు ఆ నది పేరు పలికేసరికి నాకే ఒళ్లు గగుర్పొడిచింది. పీటల మీద డాక్టరుగారు కళ్లు మూసుకుని, తప్పు లేకుండా తిరిగి చెప్పారు. ఆ ఊళ్లో మన భాష వినపడే ఇల్లు అదొక్కటే. ఆయన మొహంలో ఆ నిమిషాన, ఎక్కడో పరాయిచోట దిగినవాడికి తన వీధి పేరు దొరికినట్టు ఒక వెలుగు వచ్చింది. అది చూసి సోమయాజులుగారికి ముచ్చటేసి, ఇంట్లో ఎప్పుడు పూజ చేసుకున్నా చదువుకోమని, చీర పెట్టెలోంచి అట్టముక్క చింపి, సంకల్పం మొత్తం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు.

శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి మళ్లీ వెళ్లాం. కొబ్బరాకు దొరకదని వెనక గట్టు మీద ఏదైనా పచ్చాకు కోద్దామని వెళ్తే, నది లేదు. అడుగున పిచ్చిమొక్కలు, రెండు కప్పలు, ఒక పాత టైరు. గట్టు మీద పెద్ద యంత్రం పెట్టి ఇద్దరు పూడిక తీస్తున్నారు. అడిగితే ఓపిగ్గా చెప్పారు. హాకిన్స్ అనే రైతు పొలంలో మొదలవుతుంది కాబట్టి హాకిన్స్ డ్రెయిన్. ఒకప్పుడు ఇదంతా చిత్తడి అట. ఇలాంటివి తవ్వితేనే ఊరు నిలిచిందట. నేను ఆ గట్టు మీదే కూలబడ్డాను. లోపలినుంచి గురువుగారి గొంతూ, వెనకే డాక్టరుగారి గొంతూ, హాకిన్స్ నదిని పేరుపెట్టి స్మరిస్తున్నాయి. వెళ్లి చెప్తే గురువుగారు నన్ను ఆ టైరు పక్కనే పాతేస్తారు. రేపు చెప్దామనుకున్నాను. ఆ రేపు రాలేదు. వినాయకచవితి వచ్చింది.

చవితికి నిమజ్జనం మన నదిలోనే అన్నారు డాక్టరుగారు. నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. స్వామి అడుగు మాత్రమే తడిసి, మిగతా దేహమంతా ఎండలో మెరుస్తూ మా వంక చూస్తున్నాడు. "ఈ ఏడు వర్షాలు తక్కువ" అన్నాను నేను. డాక్టరుగారు ఇంట్లోంచి హోస్ పైపు లాక్కొచ్చి, రాళ్లతో చిన్న అడ్డు కట్టి, స్వామి తొండం మునిగేదాకా నీళ్లు పట్టారు. అనసూయమ్మగారు కుళాయి తిప్పారు. నేను పైపు పట్టుకున్నాను. ఆ తర్వాత ఏటా అదే తంతు. ఏటా వర్షాలు తక్కువే అన్నాను.

ఇవన్నీ తలుచుకుంటూ శనివారం కారు తోలాను. తోలాను అనడం కూడా ఎక్కువే. ఫోన్ తిప్పమన్న చోట తిప్పాను, ఆపమన్న చోట ఆపాను. ఇరవై ఏళ్లుగా నేను ఒక్క మనిషిని దారి అడగలేదు, ఒక్క కుక్కీ తినలేదు. పొలాల నిండా పెద్ద పెద్ద గాలిమరలు లేచాయి. మ్యూజియం తలుపు మీద "శనివారం మధ్యాహ్నం మాత్రమే" అని బోర్డు ఉంది. డోరతీ పోయి చాలా కాలమైంది, గురువుగారూ పోయారు. మొన్న మా మేనకోడలి గృహప్రవేశానికి వచ్చిన కుర్ర పంతులు ఫోన్‌లో లొకేషన్ షేర్ చేయించుకుని, సంకల్పంలో "పంచ మహాసరస్సుల సమీపాన" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అందులో తప్పు లేదు. తప్పు పోవడానికి చోటూ లేదు. మా రోజుల్లో ఎనభై మూడు కౌంటీల రాష్ట్రంలో ప్రతి గుమ్మానికీ ఒక పేరు వెతికేవాళ్లం, ఎనభై రెండుసార్లు సరిగ్గానే చెప్పాం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి మేం తిరిగినవి పంతొమ్మిదే.

పెరట్లో కాలవ నిండుగా ఉంది. అచ్చం ఆ మొదటి రోజు లాగే. కిరణ్, వాళ్లబ్బాయి, కాన్సాస్ నుంచి వచ్చాడు. ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ చేతుల్లో పట్టుకుని నీళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అనసూయమ్మగారు కుర్చీలో. నేను అట్ట పట్టుకుని చదవడం మొదలెట్టాను. కౌంటీ పేరు దాకా బాగానే వచ్చింది. తర్వాత గురువుగారి అక్షరాల్లో ఆ నది పేరు. అక్కడ ఆగిపోయాను.

"అంకుల్, స్టాప్ ఎందుకు చేశారు?" అన్నాడు కిరణ్. నేను అట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నాను. "మమ్మీ, అంకుల్ ఏడుస్తోంది."

"అమ్మగారూ, ఇది నది కాదండి" అన్నాను. "మురుగు కాలవ. ఆ రోజు కంగారులో నేనే నది అన్నాను. కొండల్లో పుట్టిందన్నాను. అంతా నేను కట్టిందేనండి. డాక్టరుగారంతటి మనిషిని నా అబద్ధంలో కలపకండి. గోదావరికి నేనే తీసుకెళ్తాను, రేపే టికెట్టు తీస్తాను."

ఆవిడ నా వంక చూడలేదు, నీళ్ల వంకే చూస్తున్నారు. "ముందు చదవడం పూర్తి చెయ్యి సత్యం. వాడి మోకాళ్లు తడిసిపోతున్నాయి" అన్నారు. నేను చదివాను. నది పేరు కూడా చదివాను. కిరణ్ కుండ వంచాడు. నీళ్లు తీసుకుపోయాయి.

తర్వాత వంటింట్లో ఉప్మా పెట్టారు. ప్లేటు వంకే చూస్తూ కూర్చున్నాను.

"మొదటి చలికాలంలోనే ఆయన కౌంటీ ఆఫీసుకి వెళ్లి అడిగారు" అన్నారు అనసూయమ్మగారు, కాఫీ వడకడుతూ. "వాళ్ల నాన్నగారికి నది గురించి ఉత్తరం రాద్దామని. ఇంటికొచ్చి కళ్లమ్మట నీళ్లొచ్చేట్టు నవ్వారు. సోమయాజులుగారికి ఫోన్ చేసి చెప్పారు కూడా. ఆయన 'పారుతుందా?' అని అడిగార్ట. 'ఏప్రిల్లో పారుతుందండీ' అన్నారీయన. 'అయితే చాలు, ఆ వెధవకి మాత్రం చెప్పకండి, బెంగపెట్టుకుంటాడు' అన్నార్ట."

ముప్పై ఏళ్లు నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్న రహస్యం అందరిదీనట. తెలియనివాడు నేనొక్కణ్ణేనట.

"తెలిసి కూడా, పోయేముందు అందులోనే కలపమన్నారాండి? నేను కనిపెట్టిన దొంగ నదిలోనా?" అన్నాను.

ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టారు. "నువ్వు కనిపెట్టడమేమిటయ్యా సత్యం? ఏటా ఆ పైపు పట్టుకుని నిలబడ్డావుగా, ఆమాత్రం గుర్తులేదూ? నువ్వు పెట్టింది పేరొక్కటే. మా కుళాయి నీళ్లు పోసి పెంచింది మేము" అన్నారు.